ఆరో టేబుల్ ఎర్త్ వైరు

ఆ మంగళవారం ఉదయం ల్యాబ్‌లో ఉన్న మనుషులు నలుగురు. సర్వీస్ ఇంజినీరుగా వెళ్ళిన నేను. ల్యాబ్ అటెండర్ మునిరత్నం. ల్యాబ్ చూసుకునే లెక్చరర్ శోభ మేడం. తలుపు దగ్గర నిలబడి నిమిషానికోసారి గడియారం చూసుకుంటున్న హెచ్‌ఓడీ.

ఉన్న వస్తువులు: ఎనిమిది టేబుళ్ళు, కరెంటు అలలను తెర మీద గీతగా చూపించే ఆసిలోస్కోపులు ఎనిమిది, ఒక్కో టేబుల్‌కు ఒక ఫంక్షన్ జనరేటర్, ఒక పవర్ సప్లై, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు. నా సంచిలో మల్టీమీటర్, స్క్రూడ్రైవర్లు, ఇన్సులేషన్ టేపు, ఒక రబ్బరు స్టాంపు. చొక్కా జేబులో టెస్టర్.

లేనివి రెండు. మనిషికి షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపేసే బ్రేకర్ లేదు. కరెంటు మరీ ఎక్కువ పారితే పడిపోయే మామూలు ఎంసీబీ ఒక్కటే ఉంది. రెండోది, ఎవరి కాళ్ళకూ చెప్పులు లేవు. ఇన్‌స్పెక్షన్ కోసం కొత్త టైల్స్ వేయించారని, చెప్పులు, బూట్లు బయటే విడవాలని తలుపుకు కాగితం అంటించారు.

అది కుప్పం దగ్గర ఒక ప్రైవేటు పాలిటెక్నిక్. కాలేజీ పేరు రాయను. ఇలాంటి కాలేజీ అదొక్కటే అని ఎవరూ అనుకోకూడదు.

ల్యాబ్ పరికరాల సర్వీసింగ్‌లోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను మదనపల్లె కేంద్రంగా తొమ్మిదేళ్ళు ఈ పని చేశాను. ముప్పై ఒకటో ఏట రిటైరయ్యాను. ఆ మాటకు నవ్వేవాళ్ళు నవ్వచ్చు. ఇంక ఈ పని చేయను, ఎవరూ నాకు ఇవ్వరు కూడా, కాబట్టి రిటైరయ్యాననే రాసుకుంటున్నాను. మంచి రోజుల గురించి అడిగితే చెప్పడానికి చాలా ఉన్నాయి. వాటివల్ల మీకు ఉపయోగం లేదు. ఈ ఒక్క స్కోప్ సంగతి చెబుతాను.

నాకంటే పెద్దది

ఆరో టేబుల్ మీది స్కోప్ నాకంటే ఒక ఏడాది పెద్దది. పచ్చటి గీత గీసే పిక్చర్ ట్యూబు, రెండు చానళ్ళు, ఇనుప డబ్బా, మోయడానికి పైన పిడి. తొమ్మిది కిలోలు. ఇలాంటివాటిని పాతవని చిన్నచూపు చూడకండి. లోపల ఏ ముక్క ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. ఇప్పుడొచ్చేవాటిలో బోర్డు మొత్తం మార్చడం తప్ప చేసేదేమీ లేదు.

కంప్లైంటు ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆరో టేబుల్ స్విచ్ వేయగానే ఎంసీబీ పడిపోతోంది. ల్యాబంతా కరెంటు పోతోంది.

నేను వెళ్ళేసరికే మునిరత్నం సగం పని చేసి పెట్టాడు. అతనిది గుడుపల్లె. వయసు యాభై రెండు. ఆ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాడు, అన్నేళ్ళూ కాంట్రాక్టు మీదే.

"ఒక్కొక్కటీ పీకి సూసినా సార్," అన్నాడు. "ఫంక్షన్ జనరేటర్ పెడితే పడలే. పవర్ సప్లై పెడితే పడలే. ఈ స్కోపు పిన్ను పెట్టి బోర్డు స్విచ్చి ఏస్తే సాలు, డబ్‌మని పడతాండాది. స్కోపు స్విచ్చి ఎయ్యను కూడా ఎయ్యలే."

పరికరం స్విచ్ వేయకముందే ఎంసీబీ పడుతోందంటే, తప్పు ఆ స్విచ్‌కంటే ముందే ఉంది. అంటే స్కోప్ లోపలి పవర్ సప్లై మొదట్లో, కరెంటు డబ్బాలోకి దిగే చోట. పదో తరగతి తప్పిన మునిరత్నం ఆ చోటు నాకు వేలు పెట్టి చూపించినట్టే. నేను డబ్బా విప్పాలి. నాలుగు స్క్రూలు, పావుగంట పని.

హెచ్‌ఓడీ తలుపు దగ్గర నుంచి అన్నాడు: "పదకొండుకు టీం వస్తాండాదప్పా. ఎనిమిది టేబుళ్ళు నడస్తాండాయని సూపించాల. ఏడు సూపిస్తే నా తల తీస్తారు."

అప్పుడు టైము పది దాటింది. మా ఓనర్ జయచంద్రకు ఫోన్ చేశాను.

"డబ్బా విప్పేది ఇప్పుడు పెట్టుకోవద్దు మహేశా," అన్నాడు. "టేబుల్ బోర్డులో ఎర్తు పీకేయ్. నడస్తాది. మనం ఎన్ని తావుల సెయ్యలే?"

నిజమే, చేశాం. అంతకుముందు నేనే రెండు చోట్ల చేశాను.

ఒక స్క్రూ

ఇక్కడ కొంచెం ఆగి, ఆ మాటకు అర్థం చెప్పాలి. ప్లగ్గులో మూడు పిన్నులుంటాయి. రెండింటిలో కరెంటు వచ్చి పోతుంది. మూడోది, లావుగా పైన ఉండేది, ఎర్త్. అది పరికరం ఇనుప డబ్బాను నేలతో కలుపుతుంది. లోపల ఏదైనా చెడిపోయి కరెంటు డబ్బాకు తగిలితే, ఆ కరెంటంతా ఎర్త్ వైరు వెంట ఒక్కసారిగా నేలలోకి పారుతుంది. అంత కరెంటు తట్టుకోలేక ఎంసీబీ పడిపోతుంది. పడిపోవడమే దాని పని.

ఎర్త్ వైరు పీకేస్తే కరెంటు పారడానికి దారి ఉండదు. ఎంసీబీ పడదు. పరికరం చక్కగా పనిచేస్తుంది. కరెంటు మాత్రం డబ్బా మీదే కూర్చుని ఉంటుంది, ఎవరో ఒకరు తాకేదాకా.

ఇది నాకు తెలియదా? డిప్లొమా రెండో ఏడాదిలో ఇదే ప్రశ్నకు పదికి పది మార్కులు తెచ్చుకున్నాను. తెలియక చేసిన తప్పుకు మీకు క్షమాపణ దొరుకుతుంది. ఇది అది కాదు.

ఆరో టేబుల్ బోర్డు విప్పాను. ఎర్త్ స్క్రూ నాలుగు చుట్లు వదులు చేశాను. పచ్చ వైరు బయటికి లాగి, కొసకు టేపు చుట్టి, లోపలికి మడిచి, బోర్డు మూసేశాను. అది స్కోప్ ఎర్త్ మాత్రమే కాదు. ఆ టేబుల్ మీదున్న అన్ని పరికరాల ఎర్త్.

మునిరత్నం చూస్తున్నాడు. "సార్, అది తీస్తే పిల్లోల్లకు జిల్లంటాదేమో?"

"నీకు తెలీదులేప్పా. ఏమీ కాదు," అన్నాను.

స్విచ్ వేశాను. ఎంసీబీ పడలేదు. స్కోప్ వెలిగింది. సైన్ వేవ్ వచ్చింది, గీత వణకను కూడా వణకలేదు. ప్లాస్టిక్ నాబ్‌లు మాత్రమే తిప్పాను కాబట్టి నాకేమీ తెలియలేదు. జేబులో టెస్టర్ ఉంది. దాన్ని డబ్బాకు ఆనించి చూడటానికి మూడు సెకన్లు పడుతుంది. చూడలేదు. ఎందుకు చూడలేదని చాలాసార్లు ఆలోచించాను. చూస్తే వెలుగుతుందేమోనని చూడలేదు.

తర్వాత రబ్బరు స్టాంపు తీశాను. 'పరికరం సంతృప్తికరంగా పనిచేయుచున్నది' అని మా ఓనర్ చేయించి ప్రతి ఇంజినీరుకూ ఒకటి ఇచ్చాడు. ఇంకో వాక్యం ఉన్న స్టాంపు మా ఆఫీసులో లేదు. రిపోర్టు మీద వేసి సంతకం పెట్టాను. వారంలో వచ్చి డబ్బా విప్పి చూస్తానని శోభ మేడంకు చెప్పాను.

టీం వచ్చింది, ఎనిమిది సైన్ వేవ్‌లు చూసింది, భోజనం చేసి వెళ్ళిపోయింది.

వారం తర్వాత కుప్పం పోతానని అడిగితే జయచంద్ర అన్న మాట: "నడస్తాండేదాన్ని గెలికేది యాల?"

మళ్ళీ అడగలేదు. అడగలేదన్నది ఆయన తప్పుల లెక్కలో వేయకండి. అది నాది.

ఫోన్

పదో రోజు మునిరత్నం ఫోన్ చేశాడు. నేను పుంగనూరు బస్టాండు ఎదురుగా టీ తాగుతున్నాను.

"సార్, ఆరో టేబుల్ కాడ పిల్లోల్లు జిల్లంటాంది అంటాండారు. ఇద్దురు ముగ్గురు సెప్పినారు. బ్రేక్‌డౌన్ రిజిస్టర్లో కూడా రాసినా. హెచ్‌ఓడీ సారు సంతకం పెట్టి, ఏం కాదులే అనె. మీరొకసారి వస్తే బాగుంటాది."

"చెప్పులేసుకోని పని చేయమను," అన్నాను.

"సెప్పులు బైటే ఇడిసిపెట్టాలంట కద సార్. కొత్త టైల్సు."

"అయితే ఆ స్కోప్‌ను ఎక్కువ తాకొద్దని చెప్పు. నేను వస్తాలే."

ఆసిలోస్కోప్ ల్యాబ్‌లో ఆసిలోస్కోప్‌ను తాకొద్దని చెప్పిన ఇంజినీరును నేనే. మీరు ఇంకొకరిని చూపించండి.

ల్యాబ్ మొదటి అంతస్తులో ఉంది. నేల పొడిగా ఉంది. టైల్స్ మీద నిలబడితే కొంచెం కరెంటు మాత్రమే పారుతుంది కాబట్టి పిల్లలకు జిల్లుమనడంతో సరిపోయింది. దానిలో నా తెలివి, కాలేజీ జాగ్రత్త ఏమీ లేవు. టైల్స్ వేసిన మేస్త్రీ పుణ్యం.

ఆ మంగళవారం తర్వాత పద్దెనిమిదో రోజు, శనివారం. మొదటి పీరియడ్‌కు ముందు ల్యాబ్ తుడవడం మునిరత్నం పని. పిల్లలు రాకముందే అన్ని బోర్డుల స్విచ్‌లూ వేసి ఉంచడం కూడా అతని పనే. ఆరోజు ముందు స్విచ్‌లు వేసి, తర్వాత తుడవడం మొదలుపెట్టాడు. ఐదో టేబుల్‌కు, ఆరో టేబుల్‌కు మధ్య నిలబడి దుమ్ము తుడుస్తూ గుడ్డ పట్టుకున్న ఎడమ చేతి మణికట్టును ఐదో టేబుల్ స్కోప్ మీద ఆనించి, కుడిచేత్తో ఆరో టేబుల్ స్కోప్ పిడి పట్టుకున్నాడు.

ఐదో టేబుల్ స్కోప్‌కు ఎర్త్ సరిగ్గా ఉంది. ఆరో టేబుల్ డబ్బా మీద కరెంటు ఉంది. రెంటికీ మధ్య దారి మునిరత్నం. కుడిచేతిలోంచి, ఛాతీ మీదుగా, ఎడమచేతిలోకి. చేయి వదలడానికి రాలేదు. మనిషి శరీరంలోంచి పారే కరెంటుకు ఎంసీబీ పడదు.

అప్పుడే లోపలికి వచ్చిన శోభ మేడం అతన్ని లాగడానికి పరుగెత్తలేదు. గోడ దగ్గరికి పరుగెత్తి మెయిన్ ఆపింది. అతను ఈరోజు బతికి ఉండటానికి అదొక్కటే కారణం. ఈ వ్యాసంలో మీరు నేర్చుకోదగిన మనిషి ఆవిడ.

కుడి అరచేయి కాలింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

ఒక లైను

ఆదివారం జయచంద్ర నన్ను మదనపల్లె ఆఫీసుకు పిలిచాడు. కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. అంత మర్యాద ఎప్పుడూ లేదు.

"హెచ్‌ఓడీతో మాట్లాడినా. గురువారం ఎంక్వైరీ. నువ్వు రేపు పొయ్యి ఆ స్కోపు తెచ్చేయ్. రిపోర్టులో ఒక లైను రాస్తే సాలు. అటెండరు తడి సేతుల్తో తాకినందువల్ల జరిగింది. పరికరంలో లోపమేమీ లేదు."

"ఆయనకు ఉద్యోగం పోతుంది కదా?"

"కాంట్రాక్టోడప్పా. ఇంకో తావ దొరకతాది. మనకు పదకొండు కాలేజీలు పోతే యాడ దొరకతాయి?"

పైస్థాయి మనుషుల గురించి ఒక మాట. నా తొమ్మిదేళ్ళలో కేకలేసే బాసులను చూశాను, వాళ్ళతో ప్రమాదం లేదు. టీ తెప్పించి ఒక్క లైను రాయమనే బాసు దగ్గర లేచి నిలబడండి. నేను ఆరోజు నిలబడలేదు. "సరే సార్" అని టీ తాగి వచ్చాను.

సోమవారం కుప్పం వెళ్ళాను. హెచ్‌ఓడీ స్కోప్‌ను అట్టపెట్టెలో కట్టించి సిద్ధంగా ఉంచాడు. మునిరత్నం భార్య కాలేజీ మెట్ల మీద కూర్చుని ఉంది, ప్రిన్సిపాల్‌ను కలవడానికి. నేనెవరో ఆమెకు తెలియదు. బండికి పెట్టె కడుతుంటే తాడు కొస పట్టుకుని సాయం చేసింది.

"ఈ డబ్బానేనాప్పా మా ఇంటాయన్ను పట్టుకున్నింది?"

"అవునమ్మా."

"ఆయప్ప తడి సేత్తో ముట్టుకున్నాడంటాండారు. తుడిసే గుడ్డ పొడిదే. నేనే సూసినా, ఆస్పత్రిలో ఆయప్ప ఎడమ సేతిలోనే ఉండె. ఆ సేయి గూడా ఇప్పలేకపోయినారు." తాడు ముడి బిగించి, "గెట్టిగ కట్టుకోప్పా. పడిపోతే మల్లా ఆయప్ప మీదకే వస్తాది," అంది.

రెడ్డెప్ప బల్బు

వి.కోట, పలమనేరు దాటి పుంగనూరు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నేరుగా మదనపల్లె పోతే పెట్టె జయచంద్ర చేతికి వెళుతుంది, అక్కడి నుంచి పాత సామాన్ల బండికి. బండిని రెడ్డెప్ప అంగడి ముందు ఆపాను.

రెడ్డెప్ప రేడియోలతో మొదలుపెట్టి, టీవీలు చేసి, ఇప్పుడు మోటార్ స్టార్టర్లు, మిక్సీలు బాగుచేస్తున్నాడు. డిప్లొమా సెలవుల్లో నాకు సోల్డరింగ్ నేర్పింది ఆయనే.

"ఏంది ఇంజినీరూ, ఈ ముసిల్దాన్ని యాణ్ణించి ఎత్తుకొస్తివి?"

"కుప్పం నుంచి. షాక్ కొట్టింది ఒక మనిషికి."

నవ్వడం ఆపేసి బల్లమీద ఉన్న మిక్సీ పక్కకు జరిపాడు.

పాత పరికరం పవర్ సప్లై చూసే పద్ధతి ఇది. నేను మొదటి రోజే చేసి ఉండాల్సింది ఇదే వరుస. ప్లగ్గు పీకి చేతిలో కనబడేటట్టు పెట్టుకోండి. లోపలి పెద్ద కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దించేయండి. మీటర్ తీసే ముందు కళ్ళతో చూడండి, ముక్కుతో చూడండి. ఆ తర్వాత మీటర్.

డబ్బా విప్పగానే కనబడింది. కరెంటు లోపలికి దిగే చోట, డబ్బాకు వైరుకు మధ్య, ఒక చిన్న కెపాసిటర్. బయటి నుంచి వచ్చే విద్యుత్ రొదను డబ్బాలోకి, అక్కడి నుంచి ఎర్త్‌లోకి పంపడం దాని పని. పాతకాలం రకం, లోపల కాగితం ఉంటుంది. ముప్పై ఏళ్ళ వేడికి పైపెంకు చిట్లింది. చిట్లిన చోట చెమ్మ దిగి, లోపలి రెండు పొరలూ ఒకటైపోయాయి. మీటర్ పెట్టాను. ప్లగ్గులో కరెంటు వచ్చే పిన్నుకు, డబ్బాకు మధ్య ఏమీ రాకూడదు. నాలుగు ఓములు వచ్చింది. కెపాసిటర్ ఒక కాలు సోల్డర్ తీసి లేపాను. నాలుగు ఓములు పోయాయి. కెపాసిటర్‌ను విడిగా కొలిచాను. అదే నాలుగు.

ట్రాన్స్‌ఫార్మర్ బాగుంది. రెక్టిఫైయర్ బాగుంది. వోల్టేజీలన్నీ ఉండాల్సినంత ఉన్నాయి. ఆ స్కోప్‌లో చెడిపోయింది చిటికెనవేలి గోరంత ముక్క ఒక్కటే.

రెడ్డెప్ప ఆ కాలు మళ్ళీ సోల్డర్ చేయించి, తన సీరీస్ బోర్డు తెచ్చాడు. వంద వాట్ల బల్బు గుండా కరెంటు పంపే పలక అది. లోపల షార్ట్ ఉంటే ఏదీ కాలదు, బల్బు వెలుగుతుందంతే. స్కోప్‌ను దానికి తగిలించి, డబ్బాను ఎర్త్‌కు కలిపాడు. స్కోప్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంది. బల్బు భగ్గున వెలిగింది.

"సూస్తివా? నా బల్బు డిప్లొమా సదవలే," అన్నాడు. "మరి ఆడ ఎంసీబీ పడాల గదా. యాల పడలే?"

"ఎర్త్ తీసేశారు."

"ఎవురు?"

మిక్సీ జాడీ వైపు చూస్తూ చెప్పాను. "నేనే."

రెడ్డెప్ప బల్బు ఆపాడు. "ఎర్తు తీసేది రిపేరీ గాదు నాయనా. నేను మిక్సీకి అట్ల సేసి పంపిస్తే, ఆ యమ్మ నీల్ల సేత్తో ముట్టుకుంటే, నేను ఈ బజార్లో మొగం ఎత్తుకోని తిరగతానా? మీకైతే కాయితం ఉండాది, స్టాంపు ఉండాది. తిరగతారు."

నేను లేస్తుంటే ఆ పలక నా చేతిలో పెట్టాడు. "ఎంక్వైరీకి ఎత్తకపో. మీటర్లు వాల్లకు అర్థం గావు. బల్బు అందరికీ అర్థమైతాది. తెచ్చియ్యలేదనుకో, నిన్నే సీరీస్‌లో పెడతా."

గురువారం

స్కోప్‌ను మదనపల్లె తీసుకుపోలేదు. ఫోన్ ఆపేసుకున్నాను. గురువారం పదింటికి ప్రిన్సిపాల్ గదిలో స్కోప్ పెట్టాను. గదిలో ప్రిన్సిపాల్, హెచ్‌ఓడీ, శోభ మేడం, కుడిచేతికి కట్టుతో మునిరత్నం. అతనికి కుర్చీ వేయలేదు.

హెచ్‌ఓడీ కాగితం చదివాడు. తడి చేతులు, అజాగ్రత్త, సేవల నుంచి తొలగింపు. చదివి నా వైపు తిరిగి, "సర్వీసింగ్ వాల్లు కూడా వచ్చినారు, వాల్ల రిపోర్టు కూడా ఇదే," అన్నాడు.

"కాదు సార్," అన్నాను.

స్కోప్ ప్లగ్గును వెంట తెచ్చిన ఎర్త్ లేని బోర్డులో పెట్టాను, ఆరో టేబుల్‌లో ఉన్నట్టే. రెడ్డెప్ప బల్బు వైరు ఒక కొసను స్కోప్ డబ్బాకు, రెండో కొసను గోడ సాకెట్ ఎర్త్‌కు తగిలించాను. స్కోప్ స్విచ్ ఆఫ్‌లో ఉందని ప్రిన్సిపాల్‌కు చూపించాను. బోర్డు స్విచ్ వేశాను.

వంద వాట్ల బల్బు పగటివేళ ఆ గదిలో పూర్తి వెలుతురుతో వెలిగింది.

"సార్, ఈ బల్బు ఉన్న చోట మునిరత్నం ఉన్నాడు. చేతులు పొడిగా ఉన్నా ఇంతే."

"ఇదంతా ఇప్పుడు కావాలని సెట్ చేసిందై ఉండచ్చు," అన్నాడు హెచ్‌ఓడీ.

ప్రిన్సిపాల్ బల్బునే చూస్తూ అడిగాడు. "ఎర్త్ తీసిందెవరు?"

"నేను. మా ఓనర్ తీయమన్నాడు. హెచ్‌ఓడీ సార్ తలుపు దగ్గర నిలబడి చూశారు. తీయొద్దని అడిగింది ఈ గదిలో ఒక్కరే." మునిరత్నం వైపు చూపించాను. "ఆయనకు నేను చెప్పిన సమాధానం, నీకు తెలీదులేప్పా అని."

శోభ మేడం బ్రేక్‌డౌన్ రిజిస్టర్ తెరిచి బల్ల మీద పెట్టింది. మునిరత్నం చేతిరాతలో రెండు ఎంట్రీలు. రెంటి కిందా హెచ్‌ఓడీ పొట్టి సంతకం.

"రోజుకు ఇరవై కాయితాల్లో పెడతాను మేడం సంతకం," అన్నాడు హెచ్‌ఓడీ. "అన్నీ సదవతామా?"

నాకు ఈరోజుకీ అరికాలి మంట నెత్తికెక్కేది ఆ మాటకే. అబద్ధమైతే ఇంత కోపం రాదు. అతను నిజం చెప్పాడు.

తొలగింపు కాగితం ఆగింది. దాని బదులు ఇంకో కాగితం వచ్చింది. సదరు అటెండరు ఇకముందు జాగ్రత్తగా మెలగవలసిందిగా హెచ్చరిస్తూ ఉద్యోగంలో కొనసాగించడమైనది. హెచ్చరిక మునిరత్నానికి. హెచ్‌ఓడీకి కాగితమేమీ రాలేదు. జయచంద్రకు కాలేజీ పోలేదు, వచ్చే ఏడాది కాంట్రాక్టు కూడా అతనిదే. నా ఉద్యోగం మాత్రం ఫోన్ ఆన్ చేసిన అయిదు నిమిషాలకు పోయింది. "ఎర్తు నువ్వు పీకి నా పేరు సెప్తివే నాయనా," అన్నాడు జయచంద్ర. కేక వేయలేదు. తర్వాత చుట్టుపక్కల ఎవరూ పని ఇవ్వకుండా చూసుకున్నాడు.

మెట్ల దగ్గర మునిరత్నం నా కోసం నిలబడి ఉన్నాడు. క్షమించమని అడగాలనుకున్నాను. ముందు అతనే మాట్లాడాడు.

"పోస్టు నిలబెట్టినావు సార్. సంతోసం." కట్టు కట్టిన చేయి కొంచెం ఎత్తాడు. రెండు వేళ్ళు చాచడానికి రావడం లేదు. "నేను ఫోన్ జేసిన దినం యాడుంటివి?"

"పుంగనూరులో. టీ తాగుతా ఉంటిని."

"తాగినావా, సల్లారిపోకముందే?"

"తాగినాను."

"అద్దీ," అన్నాడు. లోపలికి వెళ్ళాడు, ల్యాబ్ తాళాలు అతని దగ్గరే ఉన్నాయి.

మీరు ఈ పనిలోకి వస్తే మీకూ ఎవరో ఒకరు పదకొండింటికి టీం వస్తోందని చెబుతారు. ఎంసీబీ పడుతుంటే పడనివ్వండి. పడిందని తిట్లు తినండి. ఏడు టేబుళ్ళే పనిచేస్తున్నాయని రాయండి. అటెండరు భయపడితే పని ఆపి, ఎందుకని అడగండి. ఇరవై రెండేళ్ళు ఆ గదిలో ఉన్నవాడికి ఆ గది తెలిసినంత మీకు తెలియదు.

ఆరోజు వెళ్ళే ముందు నేను మళ్ళీ ల్యాబ్‌లోకి వెళ్ళాను. ఆరో టేబుల్ బోర్డు విప్పి, పచ్చ వైరు టేపు తీసి, స్క్రూ కింద పెట్టి బిగించాను. ఎంక్వైరీలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి నా బుర్రలో తిరుగుతోంది. శోభ మేడంను ప్రాక్టికల్స్ హాజరు పుస్తకం అడిగాను. ఏ పిల్లలు ఏ టేబుల్ మీద పనిచేశారో అందులో సంతకాలుంటాయి. నేను స్క్రూ వదులు చేసిన మర్నాటి నుంచి, మునిరత్నం పడిపోవడానికి ముందురోజు వరకు, ల్యాబ్ నడిచిన రోజులు పదిహేను. రోజుకు ఒక బ్యాచ్. టేబుల్‌కు నలుగురు. మూడు గైర్హాజర్లు.

ఆరో టేబుల్ కింద సంతకాలు యాభై ఏడు.